గృహ తాపన వ్యవస్థలు: ఇంధన దక్షతలో హీటింగ్ ఇంజనీర్ల శిక్షణ

నిర్వచనం, పరిధి

ఇంటిని వెచ్చగా ఉంచే వ్యవస్థను ఎంచి, అమర్చి, సరిచూసి, ఏటా సర్వీసు చేసే పనివారికి తక్కువ ఇంధనంతో కావలసినంత వెచ్చదనం రాబట్టడం నేర్పే వృత్తి శిక్షణ ఇది. ఏదో ఒక రూపంలో చలిదేశాలన్నింటా ఉంది. ఈ వ్యాసం ముఖ్యంగా బ్రిటన్ అనుభవాన్ని వివరిస్తుంది. అక్కడ అత్యధిక శాతం ఇళ్లు గ్యాస్ బాయిలర్ల మీదే ఆధారపడతాయి. పైగా 2005లో ఒక నిబంధన మారడంతో, అప్పటికే ఏళ్ల అనుభవం ఉన్న పనివారెందరో మళ్లీ తరగతి గదికి వెళ్లవలసి వచ్చింది.

బ్రిటన్‌లో హీటింగ్ ఇంజనీరుకు ఇంజనీరింగ్ పట్టా ఉండనక్కరలేదు. ప్లంబింగ్, గ్యాస్ పనులు నేర్చి, అర్హత పరీక్షలు నెగ్గిన నిపుణ కార్మికుడే ఆ పేరుతో పనిచేస్తాడు. వీరిలో చాలామంది సొంత వ్యానులో పనిముట్లు వేసుకుని ఇంటింటికీ తిరిగే స్వయం ఉపాధి వారు. శిక్షణ ఎలా ఉండాలన్న ప్రతి చర్చలోనూ ఈ సంగతి ముందుకు వస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్నానాల గదిలో గీజరుకు మించి ఇంటిని వేడిచేసే ఏర్పాటు అవసరం రాదు కనుక ఈ వృత్తి అక్కడ పెరగలేదు. బ్రిటన్‌లో కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు మాత్రం గోడకు తగిలించిన బాయిలర్, కిటికీ కింద రేడియేటర్, చలికాలపు గ్యాస్ బిల్లు రోజువారీ వ్యవహారమే.

వ్యవస్థ నిర్మాణం (చూడండి: సెంట్రల్ హీటింగ్, కాంబి బాయిలర్)

సాధారణ బ్రిటిష్ ఇంట్లో బాయిలర్ నీటిని వేడిచేస్తుంది. పంపు ఆ నీటిని 15, 22 మిల్లీమీటర్ల రాగి గొట్టాల ద్వారా గదుల్లోని రేడియేటర్లకు పంపుతుంది. వేడి ఇచ్చి చల్లబడిన నీరు తిరిగి బాయిలర్‌కు చేరుతుంది. గది థర్మోస్టాట్, టైమరు, రేడియేటర్ల మీది థర్మోస్టాటిక్ కవాటాలు ఈ ప్రవాహాన్ని అదుపు చేస్తాయి. కుళాయిలకు వేడినీరు ఇచ్చే పద్ధతులు రెండు. పాత పద్ధతిలో సిలిండరులో నిల్వ చేస్తారు. కాంబి బాయిలర్ అయితే కుళాయి తిప్పిన క్షణంలోనే నీటిని వేడిచేసి ఇస్తుంది, నిల్వ ఉండదు.

దక్షత అంటే వాడిన ఇంధనంలో ఎంత భాగం ఉపయోగపడే వేడిగా మారిందన్నది. ప్రయోగశాలలో బాయిలర్ చూపే దక్షత వేరు, అమర్చాక ఇంట్లో చూపేది వేరు. గొట్టాల సైజు, నీటి ఉష్ణోగ్రత, నియంత్రణల అమరిక, నీటి శుభ్రత అన్నీ ఈ రెండో అంకెను మారుస్తాయి. అవన్నీ అమర్చే మనిషి చేతిలో ఉంటాయి. ఈ శిక్షణకు మూలకారణం అదే.

చారిత్రక నేపథ్యం

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన విషపూరిత పొగమంచు తరువాత, 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. పట్టణాల్లో బొగ్గు పొయ్యిల వాడకం తగ్గసాగింది. 1965లో ఉత్తర సముద్రంలో సహజ వాయువు బయటపడింది. 1967 నుంచి 1977 దాకా పదేళ్లలో దాదాపు 1.4 కోట్ల వినియోగదారుల ఇళ్లకు వెళ్లి, సుమారు 4 కోట్ల పరికరాలను బొగ్గు వాయువు నుంచి సహజ వాయువుకు అనువుగా మార్చారు. పొయ్యి పొయ్యికీ బర్నరు మార్చిన ఆ కార్యక్రమం ఎందరో కొత్త గ్యాస్ పనివారిని తయారు చేసింది. అప్పట్లో నేర్పినది భద్రంగా మండించడం ఎలా అన్నదే. ఇంధనం ఎంత పొదుపుగా ఖర్చవుతోందన్న ప్రశ్న ఆనాటి పాఠాల్లో వెనకబడింది.

1968 మే 16న తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే బహుళ అంతస్తుల భవనంలో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కూలింది. నలుగురు చనిపోయారు. దాని పర్యవసానంగా 1970లో కోర్గీ అనే స్వచ్ఛంద నమోదు సంస్థ ఏర్పడింది. 1991 నుంచి గ్యాస్ పనిచేసే ప్రతి సంస్థా అందులో నమోదు కావడం తప్పనిసరైంది. 2009 ఏప్రిల్ 1న ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో దాని స్థానాన్ని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ తీసుకుంది. అందులో పేరు లేకుండా గ్యాస్ పని చేయడం నేరం. నైపుణ్య పరీక్షలను ప్రతి అయిదేళ్లకూ మళ్లీ రాయాలి.

అంటే భద్రతా శిక్షణకు చట్టం, పరీక్ష, శిక్ష మూడూ వెన్నుదన్నుగా నిలిచాయి. దక్షతా శిక్షణకు అంతటి బలం ఏనాడూ దొరకలేదు. రెండింటి చరిత్రలనూ పక్కపక్కన పెడితే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

2005 మలుపు: కండెన్సింగ్ బాయిలర్ (చూడండి: గుప్తోష్ణం, సాంద్రీకరణం)

సహజ వాయువు మండితే కార్బన్ డయాక్సైడ్‌తో పాటు నీటి ఆవిరీ పుడుతుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు పూర్తిగా మండితే సిద్ధాంతపరంగా లీటరున్నర నీటికి సమానమైన ఆవిరి వస్తుంది. పాత బాయిలర్లలో ఈ ఆవిరి తన గుప్తోష్ణంతో సహా పొగగొట్టంలోంచి బయటికి పోయేది. కండెన్సింగ్ బాయిలర్‌లో ఉష్ణ వినిమాయకం పెద్దది. పొగ దాన్ని తాకి చల్లబడి, ఆవిరి నీరుగా మారి, గుప్తోష్ణాన్ని వ్యవస్థకే తిరిగిస్తుంది.

ఇది జరగాలంటే రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉండాలి. నీరు 70 డిగ్రీలతో తిరిగొస్తే కండెన్సింగ్ బాయిలర్ పేరుకే కండెన్సింగ్. దక్షతా శిక్షణలోని పాఠాల్లో సగం ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమర్చే గ్యాస్ బాయిలర్ కండెన్సింగ్ రకానిదే అయి ఉండాలని భవన నిబంధనలను సవరించారు. చమురు బాయిలర్లకు 2007లో ఇదే నియమం వర్తించింది. అంతకుముందే బాయిలర్లకు సెడ్‌బక్ అనే ఋతుసగటు దక్షతా కొలమానం ఉంది. 90 శాతం, ఆపైన ఉన్నవి ఏ శ్రేణి, 70 శాతానికి లోపువి జి శ్రేణి. కొత్త నియమం ఆచరణలో ఏ, బి శ్రేణుల బాయిలర్లను మాత్రమే అనుమతించింది.

దీనికి జోడుగానే గ్యాస్, చమురు గృహ తాపన వ్యవస్థల ఇంధన దక్షతా ధ్రువపత్రం ప్రాచుర్యంలోకి వచ్చింది. సిటీ అండ్ గిల్డ్స్ సంస్థ 6084 సంఖ్యతో ఇచ్చిన అర్హత వీటిలో బాగా తెలిసినది. సాధారణంగా ఒక రోజు తరగతి, చివర బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష. నిబంధనలు, బాయిలర్ ఎంపిక, సైజు లెక్క, నియంత్రణలు, వ్యర్థజలపు గొట్టం అమరిక అందులోని అంశాలు. కొన్ని ఇళ్లలో కండెన్సింగ్ బాయిలర్ పెట్టడం అసాధ్యమో, మితిమీరిన ఖర్చో కావచ్చు. అలాంటి చోట మినహాయింపుకు ఒక మదింపు పత్రం ఉండేది. ఇంటి రకం, పొగగొట్టం దారి, మురుగు గొట్టానికి దూరం వంటివాటికి పాయింట్లు వేసి, మొత్తం 1000 దాటితేనే మినహాయింపు ఇచ్చేవారు. ఆ పత్రం నింపడమూ పాఠంలో భాగమే.

వేలమంది పనివారు కొద్దికాలంలోనే ఆ ధ్రువపత్రం పొందారు. కండెన్సింగ్ బాయిలర్ల పట్ల అప్పటివరకు ఉన్న అపనమ్మకం, అవి చెడిపోతాయనీ గోడ పక్కన తెల్లని ఆవిరి చిమ్ముతాయనీ ఉన్న జంకు, ఈ తరగతుల్లో చాలామటుకు తగ్గాయి. ఒక లోటు మాత్రం మిగిలింది. ఒక రోజులో నిబంధన చెప్పవచ్చు కానీ, ఇంటి మొత్తం వ్యవస్థను తూకంలో పెట్టే నేర్పు అబ్బదు. తరువాతి ఏళ్లలో బాయిలర్లు మారాయి, వాటిని 80 డిగ్రీల వద్ద నడిపే అలవాటు ఎన్నో ఇళ్లలో అలాగే ఉండిపోయింది.

2010 డిసెంబరు గడ్డచలి మరో పాఠం నేర్పింది. ఆరుబయట సన్నని గొట్టాల్లో పారే సాంద్రీకరణ జలం గడ్డకట్టి, దేశమంతటా బాయిలర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. గొట్టాన్ని వీలైనంతవరకు ఇంటి లోపలే నడపాలి. బయటికి తీయక తప్పనప్పుడు పెద్ద వ్యాసం, తగినంత వాలు, ఉష్ణబంధకపు తొడుగు ఉండాలి. ఈ నియమాలు ఆ తరువాత శిక్షణలో గట్టిగా నొక్కి చెప్పేవయ్యాయి. సాంద్రీకరణ జలం కొద్దిగా ఆమ్లగుణం కలది. అందుకని రాగి గొట్టం కాకుండా ప్లాస్టిక్ గొట్టమే వాడాలి.

శిక్షణలోని ప్రధానాంశాలు

*ఉష్ణనష్టపు లెక్క.* ప్రతి గదీ చలికి ఎంత వేడి కోల్పోతుందో లెక్కించడం మొదటి మెట్టు. గోడ వైశాల్యాన్ని దాని ఉష్ణప్రసార గుణకంతోనూ, లోపలి బయటి ఉష్ణోగ్రతల తేడాతోనూ గుణించాలి. ఉదాహరణకు బయట మైనస్ 3, గదిలో 21 డిగ్రీలు అనుకుంటే తేడా 24. పది చదరపు మీటర్ల పాత ఇటుక గోడకు గుణకం 2.1 అయితే నష్టం 504 వాట్లు. అంతే వైశాల్యం గల, మధ్యలో ఉష్ణబంధకం నింపిన గోడకు గుణకం 0.5 అయితే నష్టం 120 వాట్లు. కిటికీలు, నేల, పైకప్పు, సందుల్లోంచి వచ్చే గాలి విడిగా లెక్కకొస్తాయి. 40 ఘనపు మీటర్ల గదిలో గంటకు ఒకటిన్నర సార్లు గాలి మారితే, ఆ గాలిని వేడిచేయడానికే సుమారు 475 వాట్లు కావాలి. యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 12831 ఈ లెక్క పద్ధతిని నిర్దేశిస్తుంది.

గదికి ఇన్ని వాట్లని కంటి అంచనాతో చెప్పే అలవాటును మాన్పించడం శిక్షకులకు గట్టి పని. అంచనా తప్పినప్పుడు ఇల్లు చల్లగా ఉందన్న ఫిర్యాదు రాకూడదని పనివారు ఎప్పుడూ పెద్ద బాయిలర్ వైపే మొగ్గుతారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. దాని ఖర్చు మాత్రం ఇంటివారి బిల్లులో ఏళ్ల తరబడి కనిపిస్తుంది.

*సైజు ఎంపిక.* మధ్యతరహా ఇంటికి గడ్డచలిలోనూ 6 నుంచి 8 కిలోవాట్లు సరిపోవచ్చు. కాంబి బాయిలర్ సైజును మాత్రం వేడినీటి అవసరం నిర్ణయిస్తుంది. నిమిషానికి 10 లీటర్ల నీటిని 35 డిగ్రీల మేర వేడిచేయాలంటే 24 కిలోవాట్లకు పైగా కావాలి. అదే యంత్రం ఇంటి తాపనానికి కూడా పూర్తి బలంతో మండితే, కొద్ది నిమిషాల్లోనే నీరు వేడెక్కి ఆగిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. ఇలా మాటిమాటికీ వెలిగి ఆరడం దక్షతను తగ్గిస్తుంది, విడిభాగాలను అరగదీస్తుంది. తాపన సామర్థ్యాన్ని ఇంటి ఉష్ణనష్టానికి తగ్గట్టు బాయిలర్ సెట్టింగుల్లోనే కుదించే వీలు చాలా నమూనాల్లో ఉంది. అమర్చినప్పుడు దాన్ని ముట్టుకోకుండా వదిలేయడం సాధారణ లోపం.

*తక్కువ ఉష్ణోగ్రత, పెద్ద రేడియేటర్.* రేడియేటర్ల సామర్థ్యాన్ని ఇ.ఎన్. 442 ప్రమాణం ప్రకారం, నీటి సగటు ఉష్ణోగ్రతకూ గదికీ 50 డిగ్రీల తేడా ఉన్నప్పుడు కొలుస్తారు. నీటి సగటు 70, గది 20 ఉన్నప్పుడు 1000 వాట్లు ఇచ్చే రేడియేటర్, నీటి సగటు 50కి దిగితే సుమారు 515 వాట్లు, 45కి దిగితే సుమారు 405 వాట్లు మాత్రమే ఇస్తుంది. కాబట్టి నీటిని చల్లబరచాలంటే రేడియేటర్ పెంచాలి, లేదా ఇంటి ఉష్ణనష్టం తగ్గించాలి. పాత ఇళ్లలో తరువాత కిటికీలకు రెండు పొరల అద్దాలు, అటకపై ఉష్ణబంధకం చేరి, ఉన్న రేడియేటర్లే ఇప్పుడు అవసరానికి మించి పెద్దవైన సందర్భాలు ఎన్నో. లెక్క వేసిన తరువాతే ఆ సంగతి బయటపడుతుంది.

*ప్రవాహపు సమతుల్యత.* పంపుకు దగ్గరున్న రేడియేటర్ ఎక్కువ నీటిని లాక్కుంటుంది, చివరి గది చల్లగా ఉండిపోతుంది. దీన్ని సరిచేయడానికి ప్రతి రేడియేటర్ అడుగున మూతతో ఉన్న లాక్‌షీల్డ్ కవాటాన్ని సవరించాలి. పద్ధతి ఇది: కవాటాలన్నీ పూర్తిగా తెరిచి వ్యవస్థను వేడెక్కనిచ్చి, ముందుగా ఏ రేడియేటర్ వేడెక్కిందో, చివరికి ఏది వేడెక్కిందో రాసుకుంటారు. నీరు వచ్చే గొట్టానికీ పోయే గొట్టానికీ ఉష్ణోగ్రతమాపకాల పట్టీలు తగిలించి, ముందు వేడెక్కిన దాని కవాటాన్ని పావు తిప్పు, అర తిప్పు మూస్తూ, రెండు గొట్టాల మధ్య తేడా నిర్దేశించిన మేరకు వచ్చేదాకా చూస్తారు. కండెన్సింగ్ బాయిలర్లకు సాధారణంగా 20 డిగ్రీల తేడా లక్ష్యం. పాత బాయిలర్లలో అది 11 డిగ్రీలే. ఒక రేడియేటర్‌ను సవరిస్తే మిగిలినవాటిలో ప్రవాహం మారుతుంది కనుక ఇల్లంతా రెండోసారి తిరగాలి. పనిముట్లు చవకే, ఓపికే ఖరీదు. అంత సమయానికి విడిగా కూలి ఇవ్వడానికి ఇంటివారు ముందుకు రాకపోవడం వల్ల తరచు వదిలేసే పని ఇదే.

*నియంత్రణలు.* ఆన్, ఆఫ్ మాత్రమే తెలిసిన థర్మోస్టాట్ గది చల్లబడగానే బాయిలర్‌ను పూర్తి వేడికి లేపుతుంది. లోడ్ కాంపెన్సేషన్ పద్ధతి గది లక్ష్యానికి ఎంత దూరంలో ఉందో చూసి నీటి వేడిని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వెదర్ కాంపెన్సేషన్ పద్ధతికి ఇంటి బయట ఒక సెన్సరు ఉంటుంది. బయటి చలి పెరిగితే నీటి వేడి పెరుగుతుంది, చలి తగ్గితే తగ్గుతుంది. దీనికి ఇంటింటికీ వేరే తాపన వక్రరేఖను ఎంచుకోవాలి. ఇల్లు చల్లగా ఉందంటే వక్రరేఖను కొద్దిగా ఎత్తి ఒకటి రెండు రోజులు ఆగి చూడాలని శిక్షకులు చెబుతారు. 2018 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో అమలైన బాయిలర్ ప్లస్ నిబంధన కొత్త గ్యాస్ బాయిలర్లకు 92 శాతం దక్షతనూ, సమయ, ఉష్ణోగ్రత నియంత్రణలనూ తప్పనిసరి చేసింది. కాంబి బాయిలర్లకు వీటికి తోడు పై రెండు పద్ధతులు, పొగ వేడి పునర్వినియోగ పరికరం, స్వయంచాలక స్మార్ట్ నియంత్రణ అనే నాలుగింటిలో ఒకటి ఉండాలి.

*నీటి శుభ్రత.* ఉక్కు రేడియేటర్లు లోపల తుప్పుపట్టి నల్లని బురద చేరుతుంది. అది వినిమాయకంలో పేరుకుంటే వేడి ప్రసారం తగ్గుతుంది. బి.ఎస్. 7593 ప్రమాణపు 2019 ముద్రణ ప్రకారం వ్యవస్థను కడిగి, తుప్పు నిరోధక రసాయనం కలిపి, ఫిల్టరు అమర్చి, ఏటా నీటిని పరీక్షించాలి.

*దహన విశ్లేషణ.* పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్‌ల నిష్పత్తిని ఎలక్ట్రానిక్ పరికరంతో కొలుస్తారు. కొత్త కండెన్సింగ్ బాయిలర్‌ను ప్రారంభించేటప్పుడు అది 0.004 దాటకూడదు. భద్రత, దక్షత ఒకే కొలతలో కలిసే చోటు ఇది.

హీట్ పంప్‌ల శిక్షణ (చూడండి: హీట్ పంప్, శీతలకారకం)

బయటి గాలి లేదా నేలలోని వేడిని విద్యుత్తుతో ఇంట్లోకి చేదుకొచ్చే యంత్రం హీట్ పంప్. బాయిలర్ పనిలో చిన్న పొరపాటు బిల్లులో కొద్ది శాతం తేడాగా కనిపిస్తుంది. హీట్ పంప్ పనిలో అదే పొరపాటు బిల్లును విపరీతంగా పెంచగలదు. నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దక్షత స్థూలంగా 2 నుంచి 2.5 శాతం తగ్గుతుంది. కాబట్టి పైన చెప్పిన పాఠాలన్నీ ఇక్కడ ఐచ్ఛికం కావు.

గొట్టాల సైజు ఒక మంచి ఉదాహరణ. 8 కిలోవాట్ల వేడిని 20 డిగ్రీల తేడాతో మోయాలంటే నిమిషానికి సుమారు 5.7 లీటర్ల నీరు చాలు. హీట్ పంప్‌లు సాధారణంగా 5 డిగ్రీల తేడాతో నడుస్తాయి కనుక అదే వేడికి నిమిషానికి సుమారు 23 లీటర్లు కావాలి. బాయిలర్‌కు చాలిన ప్రధాన గొట్టంలో అంత నీరు పారితే శబ్దం, ఒత్తిడి నష్టం పెరుగుతాయి. ఇల్లు చూడగానే గొట్టం వ్యాసం కొలవడం ఈ తరగతుల్లో మొదటి అలవాటుగా నేర్పుతారు.

ఎనర్జీ సేవింగ్ ట్రస్ట్ 83 ఇళ్లలో జరిపిన క్షేత్ర పరిశీలన మొదటి దశ ఫలితాలు 2010లో వచ్చాయి. చాలా ఇళ్లలో దక్షత ఆశించినదానికంటే తక్కువ. డిజైను, అమరిక, నియంత్రణల లోపాలు కారణాల్లో ముందున్నాయి. ఒకే ఇంట్లో పని పలువురు గుత్తేదారుల మధ్య చీలడం వల్ల ఎవరిదీ పూర్తి బాధ్యత కాకుండా పోయిన సందర్భాలు బయటపడ్డాయి. దీని తరువాత ఎం.సి.ఎస్. అనే ధ్రువీకరణ పథకం తన ప్రమాణాన్ని సవరించి, గది గదికీ ఉష్ణనష్టపు లెక్కనూ, రేడియేటర్ ఎంపికకు మార్గదర్శినినీ చేర్చింది. క్షేత్రంలో కొలిచిన అంకెలు నేరుగా పాఠ్యాంశాలను మార్చిన సందర్భంగా ఇది ఈ రంగ చరిత్రలో ప్రత్యేకమైనది.

అనుభవమున్న గ్యాస్ పనివారికి హీట్ పంప్ కోర్సు సాధారణంగా కొద్ది రోజులది. శీతలకారకపు గొట్టాలను తెరవాల్సిన రకాలకు ఎఫ్-గ్యాస్ అర్హత విడిగా అవసరం. వేడినీటి సిలిండరుకు మరో అర్హత, విద్యుత్తు కలపడానికి అర్హుడైన ఎలక్ట్రీషియన్ ఉండాలి. సిలిండరులో లెజియోనెల్లా బాక్టీరియా పెరగకుండా నీటిని నిర్ణీత వ్యవధిలో 60 డిగ్రీలకు తేవడమూ పాఠంలో ఉంటుంది.

విధానాలు, ప్రోత్సాహకాలు

2050 నాటికి నికర ఉద్గారాలను సున్నా చేయాలని బ్రిటన్ 2019లో చట్టం చేసింది. 2028 నాటికి ఏటా 6 లక్షల హీట్ పంప్‌లు అమర్చే స్థాయికి చేరాలన్న లక్ష్యాన్ని 2020 నవంబరులో ప్రకటించింది. 2022 మే నెలలో మొదలైన బాయిలర్ అప్‌గ్రేడ్ పథకం గాలి ఆధారిత హీట్ పంప్‌కు తొలుత 5,000 పౌండ్లు ఇచ్చింది, 2023 అక్టోబరులో దాన్ని 7,500కు పెంచారు. శిక్షణ పొందేవారికి 2023లో 500 పౌండ్ల వరకు సాయం ప్రవేశపెట్టారు. 2022 జూన్ 15న ఇంగ్లండ్‌లో అమలైన భవన నిబంధన మరో అడుగు ముందుకేసింది. రేడియేటర్లు సహా కొత్తగా వేసే, లేదా పూర్తిగా మార్చే నీటి తాపన వ్యవస్థను 55 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో పనిచేసేలా డిజైను చేయాలి. బాయిలర్ పెట్టినా ఇదే నియమం. ఆ విధంగా తక్కువ ఉష్ణోగ్రత తాపనం అన్న పాఠ్యాంశం గ్యాస్ పనివారికీ, హీట్ పంప్ పనివారికీ ఉమ్మడిదైంది.

శిక్షణ మార్గాలు, ఆటంకాలు

కొత్తగా ప్రవేశించేవారు కళాశాల, పని కలిసిన అప్రెంటిస్‌షిప్ ద్వారా వస్తారు. ప్లంబింగ్, గృహ తాపన సాంకేతిక నిపుణుడి అప్రెంటిస్‌షిప్ నాలుగేళ్లు. ఇప్పటికే పనిచేస్తున్నవారు శిక్షణ కేంద్రాల్లో స్వల్పకాలిక కోర్సులు చేస్తారు. బాయిలర్ తయారీ సంస్థలు తమ శిక్షణశాలల్లో తరగతులు నడుపుతాయి. తమ యంత్రం గురించి అక్కడ లోతుగా నేర్పినా, ఇల్లంతటినీ ఒక వ్యవస్థగా చూడడం వాటి మొదటి ధ్యేయం కాదు.

ఒంటరిగా పనిచేసేవారికి తరగతికి వెళ్లిన రోజు కూలి లేని రోజు. ఫీజు కంటే ఆ నష్టమే బరువు. చలికాలం పని ఒత్తిడిలో, చెడిన బాయిలర్ స్థానంలో సాయంత్రానికల్లా కొత్తది పెట్టాలన్న తొందరలో లెక్కలకు సమయం దొరకదు. ఇంటివారు ధరలు పోల్చి తక్కువ అడిగినవారికే పని ఇస్తే, సమతుల్యత, నీటి పరీక్ష వంటి కంటికి కనిపించని పనులే ముందుగా తెగిపోతాయి. అద్దె ఇళ్లలో యజమాని ఏటా గ్యాస్ భద్రతా తనిఖీ చేయించి పత్రం ఇవ్వాలని చట్టం ఉంది. ఆ తనిఖీలో నీటి ఉష్ణోగ్రత ఎంతకు పెట్టారో చూడాలన్న నియమం లేదు. అద్దెకుంటున్న ఎన్నో వలస కుటుంబాలకు, మన తెలుగువారితో సహా, ఈ లోపం నేరుగా బిల్లు రూపంలో తగులుతుంది.

ఇతర దేశాలు

జర్మనీలో శానిటరీ, తాపన, వాతావరణ నియంత్రణ పనులను కలిపి మూడున్నరేళ్ల అప్రెంటిస్‌షిప్‌గా నేర్పుతారు. సొంత సంస్థ నడపాలంటే సాధారణంగా ఆపైన మాస్టర్ అర్హత ఉండాలి. ప్రవాహపు సమతుల్యతను అక్కడ ప్రభుత్వ సబ్సిడీకి షరతుగా పెట్టారు. 2022 అక్టోబరు నుంచి రెండేళ్లపాటు అమలైన ఒక ఉత్తర్వు పెద్ద నివాస భవనాల గ్యాస్ తాపన వ్యవస్థలకు దాన్ని తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో తరచు వదిలేసే పనికి అక్కడ డబ్బూ, చట్టమూ తోడయ్యాయి. ఫ్రాన్స్‌లో ఇంటి ఇంధన పనులకు ప్రభుత్వ సాయం కావాలంటే ఆర్.జి.ఇ. గుర్తింపు ఉన్న సంస్థ చేతనే చేయించాలి. ఐరోపా సంఘం 2009 నాటి పునరుత్పాదక ఇంధన ఆదేశం హీట్ పంప్‌లు, చిన్న జీవ ఇంధన బాయిలర్లు అమర్చేవారికి ధ్రువీకరణ పథకాలు ఏర్పరచాలని సభ్య దేశాలను కోరింది.

ఫలితాల కొలత

శిక్షణ ఎంత పనిచేసిందో చెప్పడానికి మంచి ఆధారం ఇళ్లలోని ఉష్ణ మీటర్లు. బాయిలర్లు ఉన్న ఇళ్లలో ఇవి అరుదు. గ్యాస్ మీటరు ఖర్చైన ఇంధనాన్నే చూపుతుంది, ఇంటికి చేరిన వేడిని చూపదు. అందువల్ల తప్పుగా అమర్చిన బాయిలర్ ఏళ్లపాటు ఎవరి కంటా పడకుండా నడిచిపోగలదు. హీట్ పంప్‌ల విషయంలో పరిస్థితి మెరుగు. బ్రిటన్ ప్రభుత్వ నిధులతో 742 ఇళ్లలో జరిగిన ఎలక్ట్రిఫికేషన్ ఆఫ్ హీట్ ప్రదర్శన పథకంలో, గాలి ఆధారిత పంపుల మధ్యగత ఋతు దక్షత సుమారు 2.8గా తేలింది. వాడిన ఒక్కో యూనిట్ విద్యుత్తుకు 2.8 యూనిట్ల వేడి అందిందన్నమాట. ఇంటి రకం, వయసు హీట్ పంప్‌కు అడ్డుకాదని ఆ పథకం చూపింది. ఇంటికీ ఇంటికీ మాత్రం దక్షతలో పెద్ద తేడాలున్నాయి. డిజైను, అమరికల నాణ్యత వాటికి ఒక కారణం. తాము అమర్చిన వ్యవస్థల మీటరు అంకెలను చూసుకుని, వక్రరేఖను దూరం నుంచే సవరించే సంస్థలు ఇప్పుడు బ్రిటన్‌లో పనిచేస్తున్నాయి.